గుట్ట గల్లీకి నీళ్లెక్కించిన సారలమ్మ

ఉప్పల్ రింగురోడ్డు దాటి నాచారం వైపు పోయేవాళ్లకు భాగ్యోదయ కాలనీ ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఆ కాలనీలో ఉంటూ సారలమ్మ ఎవరో తెలియదంటే మాత్రం ఎవరూ నమ్మరు. ఆమె రాకపోతే నల్లా రాదు మరి! రోజు విడిచి రోజు, పొద్దున ఆరింటికి, కొంగు నడుముకు బిగించి, ఆరడుగుల ఇనుపరాడ్డు భుజాన వేసుకుని ఆమె వీధి మొదట్లో కనిపించిందంటే చాలు, ఇళ్లలో బిందెలూ బకెట్లూ డ్రమ్ములూ చప్పుడు మొదలుపెడతాయి. రోడ్డు మీది ఇనుపమూత లేపుతుంది. రాడ్డును గొయ్యిలోకి దించి అడుగున ఉన్న వాల్వుకు తగిలిస్తుంది. పైన అడ్డంగా ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని ఎడమకు తిప్పుతుంది. ఆ వీధికి నీళ్లు. గంటన్నర తర్వాత కుడికి తిప్పుతుంది. బంద్. నీళ్ల రోజున తిప్పే వాల్వులు కాలనీలో పంతొమ్మిది ఉన్నాయి. పంతొమ్మిదింటికీ ఆమే దిక్కు.

జనగామ దగ్గరి పల్లె ఆమెది. సమ్మక్క జాతర ఏడాది పుట్టిందని సారలమ్మ అని పేరు పెట్టారు. పేరుతో పాటు కాస్త పూనకం కూడా వచ్చిందని అత్తగారు అనేదట. పాతికేళ్ల కిందట, బోరు ఎండి ఎవుసం మునిగాక, మొగుడు పోశయ్యతో కలిసి ఇటు వచ్చింది. ఆమె నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో అప్పడాల కంపెనీలో చేరింది. పోశయ్య కాలనీకి నీళ్లు వదిలే పనిలో కుదిరాడు. బోరు ఎండి ఊరొదిలినవాణ్ణి ఇప్పుడు ఇంతమందికి నీళ్లు పంచుతున్నానని అతనికి మహా గర్వంగా ఉండేది. పద్నాలుగేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

చెయ్యి పడిపోయిందని పని పోగొట్టుకుంటారా! రెండేళ్ల పాటు అతను వెంట నడిచేవాడు, ఆమె రాడ్డు మోసేది. అతను చెప్పేవాడు, ఆమె తిప్పేది. ఏ వాల్వుకు ఎన్ని చుట్లు, పైపు ఏ ఇంటి దగ్గర మలుపు తిరిగింది, ఎవరు దొంగతనంగా మోటారు పెట్టి నల్లా గుంజుతారు, అన్నీ ఆ రెండేళ్లలో ఆమెకు కంఠతా వచ్చాయి. వీటన్నింటికన్నా గొప్ప విద్య ఇంకొకటి నేర్పాడు పోశయ్య. రాడ్డు కింది కొసను పైపుకు ఆనించి, పై కొసను చెవికి పెట్టుకుంటే లోపల నీళ్ల సంగతి తెలుస్తుంది. పారుతుంటే సన్నగా జోరుమంటుంది. ముందర అడ్డం ఉంటే గుబగుబమని వెనక్కి తంతుంది. నీళ్లే లేకపోతే ఏ చప్పుడూ ఉండదు. ఆమె అలా చెవి పెట్టి నిలబడితే డాక్టరమ్మ వచ్చిందని జనం నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, ఆమెకేం!

పోశయ్య పోయాడు. దినాలు కాగానే ఆమె కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లి నిలబడింది.

"ఆడమనిషివి, వాల్వులు తిప్పుతవా?" అన్నారు అక్కడివాళ్లు.

"రెండేండ్ల సంది తిప్పుతున్నది నేనే సారూ. మీరు సంతకం పెట్టిచ్చుకున్నది ఆయనతోని, గంతే," అంది సారలమ్మ.

అలా రాడ్డు ఆమెదైంది. ఇప్పటికి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఆమె నోటికి భయపడనివాళ్లు కాలనీలో లేరు. ఏ ఇంట్లోనైనా మోటారు చప్పుడు వినిపిస్తే గేటు ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోతుంది. "ఓ అక్కా, నల్లాకు మోటరు పెడ్తివా? నువ్వొక్కదానివే తాగుతవా, గుట్ట మీదోళ్లకు నోళ్లు లేవా?" అని వీధంతా వినేలా అడుగుతుంది. సిగ్గుపడి మోటారు ఆపేస్తారు.

గుట్ట మీదోళ్లు అంటే కాలనీ చివర నిట్టనిలువుగా ఎక్కే గుట్ట గల్లీవాళ్లు. నలభై ఇళ్లు. కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, పోచారం ఐటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్‌కు వెళ్లేవాళ్లు. కింద వీధుల్లో అపార్టుమెంట్లు, రిటైరైన సైన్సు ఉద్యోగుల ఇళ్లు, రైల్వేవాళ్ల ఇళ్లు. నీళ్లు కిందినుంచే పైకి ఎక్కాలి. కింది వాల్వులను సగం సగం బిగించి, నీటి ఊపునంతా పైకి తోసి, ఆ నలభై ఇళ్లకూ బిందెలు నింపడమే ఆమె పనితనం. గుట్ట గల్లీకి నల్లా రాని రోజు ఒక్కటి కూడా లేదని చెప్పుకునేది.

మరి ఆ మాట పోయే రోజు వచ్చింది.

ఆరేళ్లలో మొదటిసారి నాలుగు రోజులు సెలవు పెట్టి, అన్న కూతురికి ఒడిబియ్యం పోస్తుంటే ఊరికి వెళ్లింది సారలమ్మ. శుక్రవారం పోయి సోమవారం రాత్రికి తిరిగి వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఉప్పల్ వైపు లైన్లు చూసే నరేందర్ వచ్చి కాలనీకి నీళ్లు వదిలాడు. ఆదివారం నాడు కింద పైపు లీకైతే దాన్ని కూడా బాగు చేయించి పోయాడు. మంగళవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే రాడ్డు తీసుకుని బయలుదేరింది. దారిలో, గుట్ట మొదలయ్యే చోట తారామణి గారి గేటు ముందు కొత్తగా ఎర్రని గచ్చు, దాని మీద పెద్ద ముగ్గు కనిపించాయి. ఆగి, "ముగ్గు మంచిగున్నదమ్మా," అని మెచ్చుకుని మరీ వెళ్లింది. అన్ని వాల్వులూ తిప్పింది. కింద వీధులన్నింటికీ నీళ్లు వచ్చాయి. గుట్ట మీద మాత్రం నల్లాల్లోంచి చుక్క పడలేదు.

గాలి పట్టిందేమో అనుకుంది. గురువారమూ రాలేదు. శనివారం కింది వాల్వులు పావు వంతే తెరిచింది. కింద వాళ్లు తిట్టారు గానీ పైకి నీళ్లెక్కలేదు. సోమవారం అంతే. ట్యాంకరు తెప్పిస్తే, దాని చుట్టూ బిందెలతో ఆడవాళ్లు కొట్లాడుకున్నారు. ఆ గొడవలోంచే రాణి గొంతు లేచింది. రాణి పోచారంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. ఆరున్నరకల్లా షేర్ ఆటో ఎక్కాల్సిన మనిషి. వారం రోజులుగా ఇద్దరు ఆడపిల్లలకు స్నానాలు లేవు, ఆమెకు నిద్ర లేదు.

"ఆమె ఊరికి వోయొచ్చినంకనే గదా మన నీళ్లు బందైనయ్! అపార్టుమెంటోళ్లకు మర్లేసింది, తెల్వదా మీకు? ఉత్తగ మర్లేస్తదా? అమ్ముకున్నది!"

సారలమ్మ అక్కడే ఉంది. ఎవరైనా అడ్డం మాట్లాడతారేమోనని చుట్టూ చూసింది. తొమ్మిదేళ్లుగా ఆమె చేతి నీళ్లు తాగినవాళ్లు తలలు తిప్పుకుని బిందెలు సర్దుకున్నారు. ఊరందరినీ గేటు ముందు నిలదీసే మనిషి, రాడ్డు భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు బుధవారం సూపర్‌వైజరు గిరిధర్ వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి అతనికి.

"సూడు సారలమ్మా, నువ్వు పెద్దదానివైనవ్. చేతుల్ల జోరు తగ్గింది, వాల్వు పూరా తెరుస్తలేవు. లేదంటే పైపు జామైంది. ఆదివారం దాక సూస్తం. గప్పటికీ గుట్ట మీదికి నీళ్లెక్కకపోతే రాడ్డు నరేందర్‌కు ఇచ్చెయ్. సోమవారం జేసీబీ పెట్టి రోడ్డు తవ్విస్త."

ఏడేళ్లు తిరిగితే నిరుడు పడిన సిమెంటు రోడ్డు అది. దాన్ని తవ్వితే మళ్లీ ఏ కాలానికి వేస్తారో! అదీ సారలమ్మ మెడకే చుట్టుకుంటుంది. రాడ్డు పోతే బతుకుదెరువు పోతుంది, దానికి ఆమె భయపడలేదు. అప్పడాల కంపెనీ ఇంకా ఉంది. నీళ్లమ్ముకున్నదన్న మాట మాత్రం చచ్చేదాకా పోదు. చచ్చినా పోదు. పోశయ్య పేరు కూడా అందులో కలుస్తుంది. ఇక మిగిలింది శుక్రవారం, ఆదివారం, రెండే రెండు నీళ్ల వంతులు.

శుక్రవారం పొద్దున నీళ్లు వదలగానే ఆమె పెద్ద వీధి మొదటినుంచీ బయలుదేరింది. ప్రతి గేటు దగ్గరా బయటికి కనిపించే నల్లా పైపుకు రాడ్డు ఆనించి చెవి పెట్టింది. అన్నిచోట్లా జోరుమంటోంది. సత్యవేణి టీచరమ్మ ఇంటి దగ్గర చప్పుడు మారింది. గుబగుబమని తంతోంది. తర్వాతి ఇల్లు తారామణి, పాండురంగ దంపతులది. అది దాటి గుట్ట గల్లీ మొదటి ఇంటి పైపుకు చెవి పెడితే ఏమీ లేదు. మళ్లీ వెనక్కి వచ్చి విన్నది. గుబగుబ. మళ్లీ ముందుకు. ఏమీ లేదు. అంటే నీళ్లు సరిగ్గా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాయి.

ఇక్కడ తిప్పే వాల్వు లేదే అనుకుంటూ కిందికి చూసింది. ముగ్గు మధ్యలో నిలబడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, పోశయ్య ఒకసారి ఇదే చోట కర్రతో తట్టి చూపించాడు. "ఈడ ఇంకోటున్నది. ఎన్నడు ముట్టకు, ఇది ఎప్పటికి తెరిసే ఉండాలె. ఎన్కటి ఉల్టా వాల్వు ఇది. అన్నిటికి ఎడమకు తిప్పితే తెరుసుకుంటది, దీనికి కుడికి తిప్పితే తెరుసుకుంటది," అన్నాడు. తొమ్మిదేళ్లుగా ముట్టలేదు గనుక ఆమె దాన్ని మరిచే పోయింది. ఆ మూత ఇప్పుడు ఎర్రగచ్చు కింద ఉంది. దాన్నే ఆమె మెచ్చుకుని మరీ వెళ్లింది! తల బాదుకుని, నరేందర్‌కు ఫోను కలిపింది.

"నరేందరూ, పాండురంగ సారు గేటు ముందల మూతున్న వాల్వును ముట్టినవా?"

"ముట్టిన అక్కా. లీకేజీ పని కోసం బంద్ జేద్దామని కుడికి తిప్పితే జర్రంత కూడ కదలలె. ఎవలో ముందుగాలనే బంద్ జేసిన్రనుకున్న. పనైనంక ఎడమకు తిప్పి, బిగిసేదాక తిప్పి, పూరా తెరిసిపెట్టి పోయిన. నా పిల్లల మీదొట్టు."

పాపం, అతను చెప్పిందంతా నిజమే. పూర్తిగా తెరిచి ఉన్నదాన్ని మూసి ఉందనుకున్నాడు. తెరుస్తున్నాననుకుని, బలమంతా పెట్టి మూసేసి పోయాడు. మర్నాడే తారామణి గారు మేస్త్రీని పిలిచి మూత మీద గచ్చు చేయించారు. సారలమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వింది. పది రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వింది.

ఆ నవ్వు విని తారామణి బయటికి వచ్చింది. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆమె యాస మారలేదు.

"ఏంటి సారలమ్మా, ముగ్గు తొక్కేస్తున్నావు?"

"అమ్మా, ఈ గచ్చు పలగ్గొట్టాలె."

"పగలగొట్టడమా! గుమ్మానికి ఎదురుగా గొయ్యి ఉంటే ఇంటి యజమానికి మోకాళ్లు పట్టేస్తాయని వాస్తు ఆయన చెప్పారు. మూయించిన మూడో రోజుకే మా ఆయన గబగబా మెట్లెక్కేస్తున్నారు, తెలుసా?"

"నేను మాత్రలు మార్చాను తారా," అన్నాడు వెనకనుంచి పాండురంగ. భూమి లోపలి రాళ్లను పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడాయన. ఇంట్లో ఆయన మాటకు అంత విలువ లేదు.

"మీరూరుకోండి."

సారలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఎదురు వాదిస్తే లాభం లేదు. "సరే అమ్మా, గుమ్మం ముందల గొయ్యి దోషమే, ఒప్పుకున్న. మరి గుమ్మం ముందల గంగమ్మను గొంతు పట్టి ఆపినం గదా, అది ఎంత దోషమో గా అయ్యగారు సెప్పిండా?"

తారామణి ముఖం మారింది. సారలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని టీచరమ్మ ఇంటి పైపు దగ్గరికి తీసుకుపోయింది. రాడ్డు ఆనించి, పై కొస ఆమె చెవికి పెట్టింది. తారామణి కళ్లు పెద్దవయ్యాయి.

"అయ్యయ్యో! లోపల కొట్టుకుంటోందే!"

"అవునమ్మా. ఇడువుమని మొత్తుకుంటున్నది. గుట్ట మీద నలభై ఇండ్లోళ్లు పన్నెండు దినాల సంది ఎదురుసూస్తున్నరు."

పాండురంగ కూడా వచ్చి విన్నాడు. రెండుసార్లు విన్నాడు. సారలమ్మను చూసి, "అమ్మా, మేం లక్షల ఖరీదు మిషన్లతో చేసేది ఇదే పని," అన్నాడు. రోడ్డుకు సమానంగా ఇనుపమూత వేయిస్తే గొయ్యి కనిపించదని, కావాలంటే మూత మీద కూడా ముగ్గు వేసుకోవచ్చని భార్యకు నచ్చజెప్పాడు. తారామణి ఒప్పుకుంది గానీ, శుక్రవారం పూట గుమ్మం ముందు గడ్డపార వేయనివ్వనంది. సరే, శనివారం పగలగొట్టారు. మూత లేపి మట్టి తీస్తే వాల్వు తల బయటపడింది.

అప్పుడే తిప్పేసి ఊరుకోవచ్చు. సారలమ్మ తిప్పలేదు. "నన్ను అందరి ముందల దొంగ అన్నరు. అందరి ముందల్నే తిప్పుత," అంది. అదీ ఆమె పౌరుషం! గిరిధర్‌కూ నరేందర్‌కూ ఫోను చేసింది. గుట్ట ఎక్కి గల్లీ మొత్తానికి వినపడేలా, ఆదివారం ఆరింటికి రమ్మని కేకేసి వచ్చింది. ఆ తర్వాత ఇంటికి వెళ్లి కూర్చుంటే భయం పట్టుకుంది. ఇన్నేళ్ల తుప్పు పట్టిన వాల్వు, తిప్పితే విరిగితే? పోశయ్య చెప్పింది ఈ వాల్వు గురించేనా, ఇంకొకదాని గురించా? అన్నం తినలేకపోయింది.

ఆదివారం పొద్దున తారామణి గేటు ముందు జాతరలా ఉంది. గుట్ట గల్లీ ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో దిగి వచ్చారు. రాణి ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడింది. కింద నీళ్లు వదిలి వచ్చి, సారలమ్మ రాడ్డు గొయ్యిలోకి దించింది. వాల్వుకు తగిలించి, పిడి పట్టుకుని, కుడికి ఒత్తింది.

"అమ్మా, అటు గాదు!" అని అరిచాడు గిరిధర్. "అటు తిప్పితే ఇంకింత బిగుస్తది! ఇరిగిందంటే కాలనీ మొత్తం బందైతది!"

"ఇరిగితే నా మెడకు కట్టుండ్రి సారూ."

ఒత్తింది. కదలలేదు. ఒళ్లంతా పిడి మీద వేసి ఒత్తింది. కదలలేదు. నరేందర్ మంచి బలమైన మనిషి, బాగా బిగించి పోయాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నరేందర్ సాయానికి అడుగు ముందుకు వేసేలోపు రాణి బిందె కింద పెట్టింది. ఎందుకు పెట్టిందో, ఆమెకే తెలియాలి. వచ్చి పిడి రెండో కొస పట్టుకుంది. సారలమ్మ ముఖం మాత్రం చూడలేదు.

"ఎటు?" అంది.

"కుడికి. నేను ఊ అంటే ఒత్తు. ఊ!"

కీచుమని ఒక చప్పుడు వచ్చింది. విరిగిందనుకున్నారు అందరూ. విరగలేదు, పావు చుట్టు తిరిగింది. "ఊ!" ఇంకో పావు. ఆ తర్వాత దారి దొరికింది. గొయ్యి చుట్టూ ఇద్దరాడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ తిప్పారు. సారలమ్మ పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగో చుట్టుకు రాడ్డు ఆగింది. ఆమె వంగి పిడికి చెవి పెట్టింది.

జోరుమంటోంది.

చెవి తీయకుండా అలాగే వంగి ఉండిపోయింది. గుట్ట పైదాకా పైపులో గాలి పోవాలి కదా, ఐదు నిమిషాలు పట్టింది. గిరిధర్ గడియారం చూసుకున్నాడు. అప్పుడు గుట్ట మీది చివరి ఇంటినుంచి బుచ్చిరాములు తాత కేక వినిపించింది. ఆ తాత గొంతు మల్కాజిగిరి స్టేషన్‌దాకా వినపడుతుందని అంటారు.

"నల్లా దగ్గుతున్నదిరో!" కాసేపాగి, "ఎర్రనీళ్లొచ్చినయ్!" ఇంకాసేపాగి, "ఒచ్చినయ్! నీళ్లొచ్చినయ్! మస్తొస్తున్నయ్, బిందెలు తెండ్రి!"

అంతే! బిందెలన్నీ గుట్ట మీదికి పరుగెత్తాయి. వెనక మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. పాండురంగ తన మోకాళ్ల సంగతి మరిచిపోయి ఎగిరాడు. తారామణి అది చూసి, అంతా గంగమ్మ దయ అంది. గిరిధర్ దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు.

"సారలమ్మా, గా రాడ్డు సంగతి మొన్న ఏదో అన్న…"

"రాడ్డు నా దగ్గర్నే ఉంటది సారూ. ఎల్లుండి పొద్దుగాల ఆరింటికి నరేందర్‌ను పంపు, నువ్వు గూడ రా. కాయితం పెన్ను తెచ్చుకోండ్రి. ఇరవై వాల్వులు, ఏది ఎటు తిరుగుతదో సెప్త, రాసుకోండ్రి."

"వస్త అక్కా," అన్నాడు నరేందర్, తల వంచుకుని. గిరిధర్ కూడా తలూపాడు.

సారలమ్మ మూత సర్ది, రాడ్డు భుజాన వేసుకుని గుట్ట ఎక్కింది. చివరి ఇంటి నల్లా ఎలా వస్తోందో కళ్లారా చూడాలి ఆమెకు. గల్లీ మధ్యలో రాణి ఎదురొచ్చింది, చంకలో నిండు బిందెతో. దాన్ని ఇంట్లో దించకుండానే వచ్చింది.

"చెప్పులిడువు పెద్దమ్మా," అంది.

"ఎందుకే?"

"ఇడువు."

సారలమ్మ చెప్పులు విడిచింది. అమ్మవారికి బోనమెత్తుకున్న మనిషి కాళ్లకు మొక్కుతూ పోసినట్టు, రాణి వంగి ఆ బిందెలోని నీళ్లు ఆమె పాదాల మీద పోసింది. రాణి ఏడుస్తోంది. "నీళ్లమ్ముకున్నవన్న నోరు నాదే పెద్దమ్మా," అంది.

"ఓసి నీ పాడుగాను! పద్నాలుగు దినాలకు నీళ్లొస్తే నేలపాలు చేస్తవేందే, పిచ్చిదానా! పిల్లలకు తానాలు పొయ్యవో!" అని గల్లీ అదిరేలా తిట్టింది సారలమ్మ. తిడుతూనే ఏడ్చింది. కాళ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు, బిందె ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడింది.